ఎర్ర దిండు

తైనాన్, సోమవారం

ప్రియమైన అమ్మకి,

ఫోన్ చేస్తే నాన్న ఎత్తుతారు. అందుకే చేపలమ్మే షు-చిన్ అత్త బుట్టలో ఈ ఉత్తరం పంపుతున్నాను. చదివి పొయ్యిలో పెట్టెయ్.

వార్డు పెద్ద ఎన్నిక శనివారమే. చీటీలు తీస్తే బ్యాలెట్‌లో నాకు రెండో నంబరొచ్చింది. నీ రెండోవాడికి ఇంకేం వస్తుంది! పోస్టర్లో నేనూ షిహ్-చుంగూ పక్కపక్కనే ఉన్నాం. మా పెళ్లయి మూడేళ్లయింది, ఇంకా దాచేదేముంది? నా మీద పోటీచేస్తున్న ముసలి లో గారి మనుషులు అతని బొమ్మకి లిప్‌స్టిక్ పూసిపోయారు. "మీ ఇద్దర్లో పెళ్లామెవరోయ్?" అని బజార్లో అడుగుతున్నారు. "గిన్నెలు తోమేది నేనే, చాలా?" అంటే నవ్వి, ఓటేస్తామంటున్నారు.

ఒక్కటే దిగులు. ప్రచారం ఆఖరిరోజు అభ్యర్థి తల్లి వేదికమీద మోకరిల్లి ఓట్లడగాలి కదా. నువ్వు లేకపోతే "కన్నతల్లికే అక్కర్లేనివాడు మనకెందుకు" అంటారు. శుక్రవారం మధ్యాహ్నం, సముద్రమాత గుడి ముందు. వస్తావా?

నీ రెండోవాడు,
బో-యాన్

బుధవారం

నా చిట్టి బో-యాన్‌కి,

నాలుగుసార్లు చదివాకే పొయ్యిలో పెట్టాను. మీ నాన్న అన్నం దగ్గర నీ పేరెత్తనివ్వరు. మీ అన్న సరేసరి. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు, అయినా గుడి ముందుకొస్తాను, మోకరిల్లుతాను. మాట తప్పను.

ఎండు ముల్లంగి పంపుతున్నాను. చిక్కిపోయావని షు-చిన్ చెప్పింది. ఒకవేళ ఓడిపోతే ఇంటికొచ్చేస్తావుగా నాన్నా?

ఎప్పుడూ నిన్నే తలుచుకునే,
అమ్మ

గురువారం

బంగారు అమ్మకి,

నీ ఉత్తరం చదివి షిహ్-చుంగ్ ఏడ్చేశాడు. వాళ్లమ్మ పోయి ఆరేళ్లు. నీ మోకాళ్ల కిందికి ఎర్ర దిండు కుడుతున్నాడు, వేళ్లన్నీ పొడుచుకుని! "రేపు మా అమ్మ వస్తోంది" అని మైకులో ఊరంతా చాటించాను.

కుడివైపు వేదిక మనది. ఎడమవైపుది ముసలి లోది. పొరపాటున అటెక్కేవు సుమా!

ఇంటికి రావడమేమిటమ్మా, నా ఇల్లు ఇక్కడే కదా.

నీ కోసం ఎదురుచూస్తూ,
బో-యాన్

ఆదివారం

బో-యాన్‌కి,

నేను పొరపాటు పడలేదు. తెలిసే ఎడమవైపు ఎక్కాను.

"నా కొడుకు మనసు బాగుపడేదాకా వాడికి ఓటెయ్యకండి, ఓడిపోతే నా ఇంటికొస్తాడు" అని మోకరిల్లి అడిగాను. ఆడవాళ్లు ఏడ్చారు. ముసలి లో కూడా కళ్లు తుడుచుకున్నాడు. వార్డు పెద్దవైతే ప్రతి పెళ్లికీ ప్రతి చావుకీ ఆ అబ్బాయిని పక్కన పెట్టుకుని నిలబడతావు. నాలుగేళ్లపాటు అది చూస్తూ నేను బతకలేను. నా ఓటు కూడా నీకు వెయ్యలేదు.

పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయావట. అంత దగ్గరికొస్తావనుకోలేదు.

నీ గది ఊడ్చి పెట్టాను. ఒక్కడివే రా.

నీ మంచి కోరే,
అమ్మ

సోమవారం

అమ్మకి,

నువ్వు గుడి ముందుకి రాగానే "అదిగో మా అమ్మ!" అని మైకులో అరిచాను. జనమంతా నీవైపు తిరిగింది నేను పిలిస్తేనే.

నువ్వు మోకరిల్లగానే షిహ్-చుంగ్ దిండు పట్టుకుని అటు పరిగెత్తాడు. నువ్వేం మాట్లాడుతున్నావో వినలేదు పిచ్చివాడు. "ఉత్త చెక్కలండీ, అత్తమ్మకి నొప్పెడుతుంది, ఇది వెయ్యండి" అని ముసలి లో మనుషుల్ని బతిమాలాడు. మెట్లమీదినుంచి తోసేశారు. పెదవి చిట్లింది. నువ్వు చూశావు. చూసి మొహం తిప్పుకున్నావు.

నేను రాను.

దిండు షు-చిన్ అత్త బుట్టలో ఉంది. షిహ్-చుంగ్ పంపమన్నాడు. నేనైతే పొయ్యిలో పెట్టేవాణ్ణి.

బో-యాన్