దానంతటదే ఆగిన కారు

మార్టూరు,
ఆదివారం.

నస్రత్‌కు,

సలాం. ఇక్కడ నేనూ, మీ తమ్ముడు ముదస్సిర్ ఇంటిల్లిపాదీ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అర్ఫా, అల్లుడుగారు, పసిపిల్ల క్షేమమని బెంగుళూరు నుంచి రోజూ ఫోన్లో వింటూనే ఉన్నాను గానీ, ఉత్తరంలో అడిగితేనే నాకు అడిగినట్టుంటుంది. మనవరాలికి జలుబు తగ్గిందా? ఆ మూడో అంతస్తు మెట్లకు నీ మోకాళ్ళు ఏమంటున్నాయి?

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. షుగర్ బిళ్ళలు మానలేదు. కూరలు ముదస్సిర్ ఇంటినుంచి వస్తున్నాయి. నీ మరదలి పప్పులో ఉప్పుండదు, ఈ మాట ఆమెతో అనకు. ఎండ ముదిరింది, కల్లాలన్నీ మిరపకాయతో ఎర్రగా ఉన్నాయి. పొద్దుట బయలుదేరి ఊరూరా కల్లాలు తిరగడం, కాయ రంగు చూడడం, బాగుంటే గుంటూరు షావుకారుకు ఫోన్ చెయ్యడం. ఎప్పుడూ ఉండే పనే.

ఇక కారు సంగతి. "రెండింట్లో ఒకటి ఎంచుకోవడానికి రెండు నెలలా? అర్ఫాకు సంబంధం చూసినప్పుడు కూడా ఇంత నానబెట్టలేదు మీరు" అని రాశావు. నిజమే. పాత డీజిల్ బండిని వదిలించుకుని కరెంటు కారు కొందామని నువ్వున్నప్పుడే అనుకున్నాం. ఒంగోలులో చూసిన రెండూ ఎత్తయిన పెద్ద బండ్లే, ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నీలం కారు ఒక్క చార్జింగుతో ఎక్కువ దూరం పోతుంది. వెనక సీటు విశాలం. అందులో కూర్చుని చూసి "ఏమండీ, ఇందులో మోకాళ్ళు మడవక్కర్లేదు" అని నువ్వు అప్పుడే ఓటేశావు. తెల్లదాంట్లో అంత చోటు లేదు, డిక్కీ కూడా చిన్నది. కానీ దానికి చుట్టూ కెమెరాలున్నాయి. రోడ్డు మీద గీత దాటితే కూత పెడుతుంది. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే దానంతటదే ఆగుతుంది.

నేను తెల్లదే కావాలన్నాను. ముదస్సిర్ ఊరుకుంటాడా! "ఊళ్ళు తిరిగేవాడివి, నీకు దూరం పొయ్యే బండి కావాల గానీ ఈ కూతలు దేనికి బావా? ముప్ఫై ఏళ్ళు నడిపావు, బండి మీద గీత పడనిచ్చావా?" అన్నాడు. "నా కారు, నా ఇష్టం" అని కసిరాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

పోయిన సోమవారం నడిపి చూడమని షోరూములో పనిచేసే వీరబాబు తెల్ల కారును ఇంటికే తెచ్చాడు. అతను నా పక్కన కూర్చున్నాడు, అలక తీరిన మీ తమ్ముడు వెనక కూర్చున్నాడు. గ్రానైట్ ఫ్యాక్టరీల రోడ్డు పట్టాం. ఆ కారుకు చప్పుడే లేదు, నీళ్ళ మీద పోతున్నట్టుంది. నేను హాయిగా పోనిస్తుంటే ఉన్నట్టుండి కూత పెట్టి, బెల్టు ఛాతీని నొక్కేటట్టు ఆగిపోయింది. చూద్దును కదా, ఎడమ పక్కన ఆగి ఉన్న లారీ, దాని వెనక బయటికి పొడుచుకొచ్చిన రాతి పలక. వీరబాబు ముఖానికి బారెడు దూరం.

వీరబాబు చప్పట్లు కొట్టాడు. "సూపరండీ! ఈ టెస్టు చెయ్యాలంటే చాలామంది భయపడతారండి. చివరిదాకా బ్రేకు మీద కాలే పెట్టలేదు మీరు. ఏం గుండెండీ బాబూ!"

"మా బావంటే ఏవనుకున్నావ్ మరి?" అన్నాడు ముదస్సిర్.

నేనూ నవ్వాను. సిగ్గులేకుండా గడ్డం కూడా నిమురుకున్నాను.

నస్రత్, ఆ లారీ నాకు కనబడలేదు.

ఇది ఫోన్లో చెప్పడం నావల్ల కాలేదు. నువ్వు స్పీకరు పెడతావు, పక్కన అల్లుడుగారుంటారు, నేను మాట మార్చి ఎండల గురించి మొదలుపెడతాను. జనవరిలో కాయల పని మీద చీరాల వెళ్తున్నానని చెప్పి వెళ్ళింది కంటి డాక్టరు దగ్గరికి. షుగర్ వల్ల ఎడమ కంటి వెనక నరం బాగా దెబ్బతిందట, కుడి కంటికీ మొదలైందట. ఇంజెక్షన్లు వేయించుకుంటే ఉన్న చూపు నిలుస్తుందట, పోయింది మాత్రం రాదట. "బండి నడపడం మానెయ్యండి" అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఆ తర్వాత నాలుగో రోజున నిన్ను రైలెక్కించడానికి పాత బండి నేనే నడిపాను. నువ్వు పక్కన కూర్చుని పుట్టబోయే బిడ్డకు ఏ రంగు గౌన్లు కొనాలా అని మాట్లాడుతున్నావు. నీకేమైనా అయ్యుంటే? అది తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

తెల్ల కారు మీద మోజెందుకో ఇప్పటికి నీకు తెలిసే ఉంటుంది. నా కళ్ళు చెయ్యలేని పని అది చేస్తుంది, ఎవరికీ చెప్పకుండా ఇంకో నాలుగేళ్ళు నెట్టుకురావచ్చు అనుకున్నాను.

బుధవారం యలమంద కల్లానికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా అతని దగ్గర కాయ కొంటున్నాం కదా. కూలికొచ్చిన ఆడవాళ్ళు మంచి కాయను ఒక పక్క, రంగు పోయి తెల్లబారిన తాలు కాయను ఇంకో పక్క కుప్ప పోశారు. నేను గొంతుక్కూర్చుని ఒక గుప్పెడు తీసి, పైకెత్తి చూసి, "రంగు అదిరింది యలమందా" అన్నాను. ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"ఏంది బాబాయ్ నీ పరాచికాలు? అది తాలు కుప్ప!" అంది వాళ్ళలో ఉన్న సుబ్బరావమ్మ.

"మీరు కనిపెడతారో లేదోనని" అని నేనూ నవ్వేశాను. యలమంద నవ్వలేదు. నా వెనకే కారు దాకా వచ్చాడు.

"ఒరేయ్ ఇషాకూ, నీకు కళ్ళు కనపట్టంలేదు గదా?"

నేను కారు తలుపు మీద చెయ్యి వేశాను.

"ఇంట్లో చెప్పావా?"

"లేదు."

"ముందు మా చెల్లెమ్మకు చెప్పు. చెప్పిందాకా నా కల్లంలో అడుగు పెట్టమాక." తాళం నా చేతిలోంచి లాక్కుని, తనే నడిపి నన్ను ఇంటి దగ్గర దించి బస్సులో పోయాడు. ఆ తాళం ఇంకా అతని జేబులోనే ఉంది. నేను అడగలేదు.

నిన్న నీలం కారుకే మాటిచ్చి వచ్చాను, నీ పేరు మీద. తనే గెలిచాననుకుని ముదస్సిర్ సంబరపడుతున్నాడు. ఈ ఉత్తరం నీకు అందాక వాడికీ చెబుతాను. కాయ ఎండిందో లేదో వేళ్ళకు తెలుస్తుంది, ఘాటు ముక్కుకు తెలుస్తుంది, రంగు వాడు చూస్తాడు. ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాను, మంగళవారం మొదటిది.

ఇంకొక్కటి. పెళ్ళయిన రెండో ఏడు కారు నేర్పమని అడిగావు. "నేనుండగా నీకెందుకు?" అన్నాను. ప్రేమకొద్దీ అన్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అందులో సగం నా డాబే. ఇప్పుడు నేను అడుగుతున్నాను, నేర్చుకుంటావా? ఈ కొత్త కారుకు గేర్లు కూడా లేవు. పక్కన కూర్చుని తప్పులు పట్టను. పట్టినా మెల్లగా పడతాను.

తిట్టాలనుంటే కాగితం నిండా తిట్టు, చదువుకుంటాను. అర్ఫాకు మాత్రం పురుటి నలభై రోజులూ నిండాకే చెప్పు.

నువ్వొచ్చే రోజున బస్సెక్కి చీరాల స్టేషనుకు వస్తాను. రైలు దిగి చెయ్యి ఊపినా నేను పలక్కపోతే అలగకు. దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకో.

ఇట్లు,
అర్ఫా వాళ్ళ నాన్న