కార్డులో రాసిన గుండె

కౌనస్,
21 సెప్టెంబరు 2003.

చిరంజీవి వీతేనిస్‌కు,

మీ అమ్మ ఎల్జే దీవించి రాస్తున్నది. నేను, నా రెండు మోకాళ్ళు, మూడో అంతస్తు మెట్లు ఒకరినొకరం తిట్టుకుంటూ క్షేమంగానే ఉన్నాం. క్లైపెడాలో నువ్వు, కోడలు నియోలే, మనవడు ఇగ్నస్ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోను ఉండగా ఈ ఉత్తరమెందుకని అడుగుతావు. ఫోనులో అయితే మధ్యలోనే పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదువుతావు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. బంగాళాదుంపలు నేలమాళిగకు చేరాయి. పిల్లి ఇంకా చావలేదు. మొన్న ఫోనులో, స్టాక్‌హోమ్‌లో బాస్కెట్‌బాల్ ఫైనల్ చూశావా అన్నావు. చూడకుండా ఎవరు ఉండనిచ్చారు? పక్కింటి బ్రోనే తన కుర్చీ మోసుకుంటూ మా ఇంటికే వచ్చింది, వాళ్ళ టీవీలో అందరూ ఆకుపచ్చగా కనిపిస్తారట. స్పెయిన్ వాళ్ళు ఓడగానే నా మెడ పట్టుకుని ఏడ్చింది.

"ఎల్జే, అరవై నాలుగేళ్ళే! ఇన్నాళ్ళకి యూరప్ కప్పు మళ్ళీ మనింటికొచ్చిందే! నువ్వేంటే, రాయిలా కూర్చున్నావు?"

"పోయినసారి వచ్చినప్పుడు చూశాలే" అన్నాను.

"నీ మొహం చూస్తే కాచిన పాలు విరుగుతాయే తల్లీ!" అని తన కుర్చీ తను తీసుకుని వెళ్ళిపోయింది. బయట తెల్లవారేదాకా కార్ల హారన్లు మోగుతూనే ఉన్నాయి.

ఇగ్నస్ బడిలో ఆ పోటీల చరిత్ర రాయాలన్నాడు కదా, రాసుకోమను. 1937లో మనవాళ్ళు రీగాకు వెళ్ళారు. ఓడిపోయి వస్తారనుకున్నాం, కప్పుతో వచ్చారు. ఊరంతా స్టేషన్‌లోనే ఉంది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. గెలిచినవాళ్ళ ఊళ్ళోనే తర్వాతి పోటీ. మనకేమో ఆడించడానికి హాలే లేదు! కొన్ని నెలల్లో లేపారు. మా నాన్న వడ్రంగి, ఆ నేల మీద చెక్కలు పరిచినవాళ్ళలో ఒకడు. 1939 మేలో లాట్వియాతో ఆట, ముప్పై ఏడు, ముప్పై ఆరు. ఒక్క పాయింటు. మా నాన్న మాత్రం బంతిని చూడలేదు, తన చెక్కలు ఎక్కడైనా లేస్తాయేమోనని నేలనే చూస్తూ కూర్చున్నాడు. మరుసటేడు మాస్కో సైన్యం దిగింది, దేశమే లేకుండా పోయింది. ఆ తర్వాత మన పిల్లలు పరాయి చొక్కా తొడుక్కుని యూరప్‌ను గెలిచారు, పరాయి పాటకు లేచి నిలబడ్డారు.

1953 పోటీ మాస్కోలో. దాని సంగతి ఇగ్నస్‌కు నేను చెప్పను. మీ నాన్నను జట్టు రెండు నెలల శిక్షణ శిబిరానికి పిలిచారు. పన్నెండు మందిలోకి తీసుకోలేదు, అయినా ఆయన తిరిగి రాలేదు. అక్కడ ఆయనకు ఇంకో ఇల్లు, ఇంకో ఆడది దొరికారు. నీకు మూడేళ్ళు. తలుపు చప్పుడైతే "నాన్న" అంటూ పరుగెత్తేవాడివి. ఎన్నాళ్ళకూ మానలేదు. నాకు అసహ్యం వేసేది.

ఇక నీ చివరి ప్రశ్న. మన వంశంలో ఇంకెవరికైనా గుండె జబ్బు ఉండేదా అన్నావు. ఇగ్నస్‌ను ఇక్కడి క్రీడా పాఠశాలకు ఎంపిక చేశారు, అక్టోబరు ఒకటిలోగా తండ్రి సంతకం కావాలి, నేను పెట్టను అని రాశావు. పరీక్షలో వాడికేమీ లేదని తేలినా నమ్మనన్నావు. వాడి బూట్లు బీరువాలో పెట్టి తాళం వేశానన్నావు. నాలాగా వాడు కూడా ఇరవయ్యొకటో ఏట గుండె జబ్బుతో ఆట పోగొట్టుకోకూడదు అన్నావు.

వీతేనిస్, మన వంశంలో ఎవరికీ గుండె జబ్బు లేదు. నీకు కూడా లేదు, ఎప్పుడూ లేదు.

లేచి ఒక గ్లాసు నీళ్ళు తాగి వచ్చి మిగతాది చదువు.

1970 శరత్కాలం గుర్తుందా? మాస్కో సైన్యపు జట్టు మనిషొకడు మన హాల్లో కూర్చుని, పొడుగు కుర్రాళ్ళ పేర్లు పుస్తకంలో రాసుకునేవాడు. రెండు వారాల్లో సైన్యం నుంచి పిలుపు వచ్చేది. తుపాకీ పట్టడానికి కాదు, వాళ్ళ జట్టులో బంతి ఆడడానికి. అందుకే ఆ రోజుల్లో కౌనస్‌లో బంతి ఆడే ప్రతి పొడుగువాడికీ ఏదో ఒక జబ్బు ఉండేది. తల్లులే పూనుకుని కాగితం మీద తెప్పించేవారు. నేను పాలిక్లినిక్‌లో రోగుల కార్డుల బల్ల దగ్గర పని చేసేదాన్ని, నాకు ఇంకా సులువు. డాక్టర్ షేపుటిస్‌ను అడిగాను.

"కడుపులో పుండని రాస్తానమ్మా" అన్నారు ఆయన. "అందరికీ అదే రాస్తున్నాను. ఏడాది పోయాక మానిందని కొట్టేస్తాం."

"మానితే మళ్ళీ పిలుస్తారు. గుండె అని రాయండి."

"పిచ్చిదానా, గుండె అని ఒకసారి రాస్తే ఇక కొట్టేయడం ఉండదు!"

"రాయండి డాక్టరు గారూ."

రాశారు. నీకు చెప్పలేదు, ఎందుకంటే నీ మొహంలో అబద్ధం నిలవదు. గుండెలో కాస్త అదనపు చప్పుడు వినిపిస్తోంది, భయం లేదు, ఆడుకోవచ్చు అని ఆయన నీతో అన్నారు. సైన్యం నిన్ను వదిలేసింది. నువ్వు ఇంట్లోనే ఉన్నావు. ఆ ఏడాది నేను సుఖంగా ఉన్నాను.

మరుసటేడు దేశపు జట్టు నిన్ను పిలిచింది. జర్మనీలో యూరప్ పోటీ. ముందు మాస్కో శిబిరంలో డాక్టర్లు నీ కార్డు తెరిచారు, చదివారు, మూశారు. నీ ఛాతీ మీద సరిగా గొట్టమైనా పెట్టలేదని నువ్వే చెప్పావు. రైలు దిగి వచ్చి వంటగదిలో కూర్చున్నావు.

"ఇక ఆడకూడదట అమ్మా. మెట్లు కూడా నెమ్మదిగా ఎక్కాలట." ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నావు. "నేను చచ్చిపోతానా?"

"జాగ్రత్తగా ఉంటే చావవు" అన్నాను. నీ పళ్ళెంలో పులుసు పోశాను.

మర్నాడు షేపుటిస్ నా బల్ల దగ్గరికి పరుగున వచ్చారు.

"ఎల్జే, నేను మాస్కో వెళ్తున్నాను. నేనే పొరబడ్డానని రాసిస్తా. మహా అయితే నా ఉద్యోగం పోతుంది. ఇంకా టైముంది, కుర్రాణ్ణి మళ్ళీ పరీక్ష చేయమంటా."

"వద్దు."

"ఏం? ఎందుకొద్దు?"

"వాడు ఇంట్లో ఉన్నాడు."

ఆయన నీ కార్డు చేతిలోకి తీసుకున్నారు. "నువ్వసలు తల్లివేనా?" అన్నారు. "ఆ కార్డు ఇటివ్వండి" అన్నాను. తీసుకుని అరలో దాని చోట దాన్ని పెట్టాను. ఆయనను జైలు పాలు చేయకూడదని నోరు మూసుకున్నానని నాకు నేనే చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన సిద్ధంగానే ఉన్నారు. ఈ ఏప్రిల్‌లో పోయారు, పూలు పట్టుకుని వెళ్ళాను, ఆయన భార్య నా చేతిలోంచి పూలు తీసుకోలేదు.

ఆ సెప్టెంబరులో ఆ జట్టువాళ్ళు జర్మనీలో, ఎస్సెన్ ఊళ్ళో బంగారు పతకం గెలిచారు. నువ్వు రేడియో కట్టేసి నా చెయ్యి పట్టుకున్నావు. "నువ్వు ముందే డాక్టరుకి చూపించబట్టి బతికాను అమ్మా" అన్నావు. ఆ మాట విని కూడా నేను నోరు విప్పలేదు. సంతోషించాను. నిజం చెప్పాలంటే చాలా సంతోషించాను.

తర్వాత ఇంకో డాక్టరు సముద్రపు గాలి మంచిదన్నాడు. గుండె కోసమని నువ్వు నన్ను వదిలి క్లైపెడా వెళ్ళిపోయావు. దేవుడు నన్ను చూసి నవ్విన నవ్వు అది. నీ కార్డును నేనే కట్ట కట్టి అక్కడి ఆసుపత్రికి పంపాను. ఒక్క పేజీ చింపితే చాలు. చింపలేదు. బాగయ్యావని తెలిస్తే ఇంకా దూరం పోతావు. అక్కడి డాక్టర్లు ఒకరి రాత చూసి ఇంకొకరు దింపుకుంటూ పోయారు. ఏమీ వినపడకపోతే మందు పనిచేస్తోందన్నారు. రెండేళ్ళ కింద ఒక కొత్త డాక్టరమ్మ నాకేమీ తేడా వినపడట్లేదు అంటే, ఈ కాలం పిల్లలకు చదువు రాదని ఆమెను మార్చేశానని నాకు గొప్పగా రాశావు. ఇన్నేళ్ళలో నీ గుండెను నిజంగా విన్నది ఆ పిల్ల ఒక్కతే.

ఎక్కడ కూలబడతానోనని నువ్వు ముప్పై ఆరో ఏటిదాకా పెళ్ళి చేసుకోలేదు. బస్సు వెనక పరుగెత్తలేదు. మంచు తవ్వలేదు. కొడుకును ఎత్తుకుని మెట్లెక్కలేదు. వీటన్నిటికీ క్షమించమని నేను అడగను. నువ్వు క్షమించేవాడివి కావని తెలుసు, అడిగి నీకు ఆ తృప్తి ఇవ్వను. ఆ మందులు మాత్రం ఒక్కసారిగా మానకు, ఆ డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళు, ఇన్నేళ్ళ మందు నిన్నేం చేసిందో ఆమె చెబుతుంది.

బీరువా తాళం తియ్యి. ఇగ్నస్ కాగితం మీద సంతకం పెట్టు. ఆ పాఠశాల మా ఇంటికి రెండు వీధుల అవతలే. హాస్టల్ వద్దు, అక్కడ తిండి బాగుండదు, పిల్లలు చెడిపోతారు. వాడికి నీ గది సర్దేశాను. పొడుగు మంచం కూడా చేయించాను. నువ్వు ఇక ఈ గడప తొక్కవని తెలుసు, తొక్కకు. వాణ్ణి రైలెక్కించు చాలు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. వాడి ఆట మీద జాలితో అమ్మ ఇన్నాళ్ళకు నిజం చెప్పిందని నియోలే అనుకుంటుంది, ఆమె మంచిది. నువ్వు అలా అనుకోవు. నువ్వు నా కొడుకువి. ఈ నిజం ఈ రోజే ఎందుకు బయటికి వచ్చిందో ఈపాటికి నీకు అర్థమయ్యే ఉంటుంది. అర్థమైనా సంతకం పెట్టకుండా ఉండలేవు. పెట్టకపోతే నువ్వు కూడా నేను చేసిందే చేసినట్టు.

ఇట్లు,
మనవడి కోసం గది సర్ది కూర్చున్న
నీ తల్లి ఎల్జే.