మంచం పక్కన ఇయాద్ ఫోటో

చెల్లీ వసీలా,

దేవుడు నిన్నూ నీ కడుపులోని బిడ్డనూ చల్లగా చూడాలి. ఇక్కడ స్ఫాక్స్‌లో అందరం కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం ఇంకా పెరిగింది. ఈ ఏడు ఆలివ్ కాపు బాగుంది. నాన్న గానుగకు తీరిక లేదు.

హరీసా కారం తినవచ్చా అని అడిగావు. తిను. మీ అత్తగారి మాటలు పట్టించుకోకు. ఇయాద్ కడుపులో ఉన్నప్పుడు నేను సీసాలకు సీసాలు ఖాళీ చేశాను. ఈ మాట రాశాక చెయ్యి ఆగింది. ఇప్పుడు నన్ను చూసి నువ్వు ధైర్యం తెచ్చుకోవాలో వద్దో నాకే తెలియడం లేదు.

వాడి ఫోటో మంచం పక్కన పెట్టుకుని రోజూ లేవగానే చూస్తున్నానని, కొత్తది పంపమని రాశావు. మన వీధిలో కడుపుతో ఉన్న ప్రతి ఆడదీ చేసే పనే ఇది. నవ్వే బిడ్డను చూస్తే నవ్వే బిడ్డ పుడతాడట. మొన్న చేపల హమ్మాదీ కోడలు వచ్చింది. "ఒక్కసారి ఒళ్లో కూర్చోబెట్టుకోనీ అక్కా, నీ సొమ్మేం పోయింది?" అంది. వీడు ఆమె జుట్టు పట్టుకుని విరగబడి నవ్వాడు. ఆ రోజు వాడి చెవిలో చీము ఉంది, వసీలా. నొప్పికి కూడా వాడు అలాగే నవ్వుతాడు. ఐదేళ్లొచ్చినా ఒక్క మాట లేదు కదా, నాకెలా తెలుస్తుంది? ఒళ్లు కాలిపోయేదాకా తెలియలేదు.

ఇక అసలు సంగతి. ఫోన్లో చెబుదామంటే నీ పక్కన మీ అత్తగారు, నా పక్కన అమ్మ. అందుకే ఈ ఉత్తరం. మీ బావ లుత్ఫీ లారీ మీద ఊరెళ్తే, ఇయాద్‌వీ నావీ రక్తపరీక్షల ఫలితం వినడానికి నాన్నే మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నాన్న రక్తం కూడా అంతకుముందే తీసుకున్నారు.

"మెదడులో ఒక కణం ఇంకోదానికి కబురందించే చోటు ఉంటుందమ్మా," అంది డాక్టరమ్మ. "అక్కడ పనైపోయిన ప్రోటీన్లను ఎప్పటికప్పుడు ముక్కలు చేసి తీసెయ్యాలి. ఏది తీసెయ్యాలో గుర్తు పెట్టే ప్రోటీను ఒకటుంది. మీ వాడి మెదడులో అది లేదు. పోవాల్సినవి అక్కడే పేరుకుంటున్నాయి. కబురు సరిగ్గా అందడం లేదు."

నాన్న వెంటనే అందుకున్నాడు. "మా గానుగ చాపల్లాగన్నమాట. పిప్పి దులపకపోతే తర్వాత వేసినదాంట్లోంచి నూనె దిగదు."

"అలాంటిదే, హాజ్," అంది ఆమె, పెద్దాయన కదా అని మర్యాదగా.

"మరి దులిపెయ్యండమ్మా!"

"దులిపే మందు ఇంకా రాలేదు, హాజ్."

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఆమే చెప్పింది. ఆ ప్రోటీను తాలూకు జన్యువు అందరికీ రెండుంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. మెదడు కణాల్లో తండ్రిది నిద్రపోతుంది, తల్లిదే పని చేస్తుంది. పాడైనది తాత నుంచి నాన్నకు వచ్చి నిద్రపోయింది. నాన్న నుంచి నాకు వచ్చి నాలోనూ నిద్రపోయింది. నా నుంచి ఇయాద్‌కు తల్లిదై వెళ్లింది, వాడిలో పని చెయ్యాల్సింది అదే.

ఇన్నేళ్లూ అమ్మ లుత్ఫీ వంశాన్ని ఆడిపోసుకుంది. నిన్న కూడా భోజనాల దగ్గర, "వాళ్ల ముత్తాత నత్తివాడట!" అని మొదలుపెట్టింది. నాన్న కుస్కుస్ పళ్లెం వదిలి లేచిపోయాడు. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు.

ఆసుపత్రి నుంచి వస్తూ నాన్న దారిలో బండి ఆపాడు. "వసీలాకి చెప్పకే. బిడ్డ కదులుతున్నాడని సంబరపడుతోంది పిల్ల," అన్నాడు.

"చెప్పకపోతే ఎలా నాన్నా?"

"చెబితే మాత్రం ఏం చేస్తుందే?"

వెనక సీట్లోంచి ఇయాద్ చెయ్యి చాచి నాన్న టోపీ లాగి, నెత్తి మీద కొట్టి కిలకిలా నవ్వాడు. "వీడు నిజంగానే నవ్వుతున్నాడా, దలెండా?" అని అడిగాడు నాన్న.

నాన్న మాట కాదని రాస్తున్నాను, వసీలా. అది నీకూ వచ్చి ఉండవచ్చు, రాకపోయీ ఉండవచ్చు. నీకు ఉన్నా బిడ్డకు చేరవచ్చు, చేరకపోవచ్చు. మీ ఆయన రిదాకు చెప్పి, ఇద్దరూ ఇక్కడికి రండి. డాక్టరమ్మ నీ రక్తం చూస్తానంది. ఉందని తేలితే ఏం చెయ్యాలో మాత్రం నన్నడగకు. ఇయాద్‌ను ఎవరైనా అడిగితే ప్రాణం పోయినా ఇవ్వను. కానీ అలాంటి బిడ్డను నువ్వూ కనమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. వద్దని చెప్పడానికీ రావడం లేదు.

కొత్త ఫోటో పంపడం లేదు. చూసినంత మాత్రాన ఏమీ రాదని ఇప్పుడు నాకు బాగా తెలుసు. అయినా భయంగా ఉంది, చెల్లీ. లేవగానే వాడి మొహం చూడకు. నీ మంచం పక్కనున్న నా కొడుకు ఫోటో తీసి పెట్టెలో పెట్టెయ్.

ఇట్లు,
ఇయాద్ తల్లి, నీ అక్క
దలెండా