బొంగరం ఏ ఒడ్డుది?

అమ్మమ్మకు,

మన ఇంట్లో నేను ఒకటంటే మీకు ఇంకొకటి వినబడుతుంది. కళ్ళు మండుతున్నాయంటే ఎవరికోసం ఏడ్చావంటారు. ఉద్యోగం మానేశానంటే సంబంధాలు చూస్తారు. కిందటి ఉత్తరంలో "సాక్షి సంతకం కావాలి" అని రాశానో లేదో, "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అని తిరుగుటపాలో అడిగావు. అబ్బాయి లేడు. సాక్ష్యం నా పెళ్ళికి కాదు, పుట్టుకకి.

అమ్మది ఈ దేశం, నాన్నది నది అవతలి దేశం. నాకు రెండువైపులా హక్కుందిగానీ, ఇరవై మూడు నిండేలోపు ఏదో ఒకటే ఎంచుకోవాలి. నా జనన పత్రంలో పుట్టినచోటు "నదిలో" అని ఉంది. గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "మొప్పలేవమ్మా?" అన్నాడు. పుట్టినప్పుడు దగ్గరున్నవాళ్ళు, అమ్మానాన్నలు కాక ఇంకెవరైనా, రాసిస్తే చాలట. ఆ రోజు లాంచీలో నువ్వున్నావుగా. రాసి పంపు.

నీ మనవరాలు

తా.క.: ఏ దేశం అని అడక్కు. కాగితం వచ్చాక చెబుతాను.

---

బొంగరానికి అమ్మమ్మ దీవెనలు.

నువ్వు మా పిల్లవో కాదో రుజువు అడిగేదాకా వచ్చావా? మారాం చేసినప్పుడల్లా "నిన్ను నదిలో ఏరుకొచ్చాం" అని ఏడిపించింది మీ తాతయ్య, నేను కాదు. ఇన్నేళ్ళూ అది మనసులో పెట్టుకున్నావా తల్లీ! నీది అచ్చం మా అమ్మ ముక్కు. ఆవిడ ఫోటో పంపుతున్నాను. పక్కన నిలబడి ఆ గుమాస్తాకి చూపించు.

మీ అమ్మమ్మ

తా.క.: అబ్బాయి నిజంగా లేడా?

ఇంకో తా.క. (తాతయ్య): ఉంటే నాకు చెప్పు. దీనికి చెప్పను.

---

అమ్మమ్మకు,

చూపించాను. "పోలికే. కానీ ముక్కుకి పౌరసత్వం ఇవ్వం" అన్నాడు. నేను నీ మనవరాలినే, ఆ అనుమానం ఎవరికీ లేదు. ఎక్కడ, ఎవరి కడుపున పుట్టానో ఆ రెండు ముక్కలు రాయి చాలు. నెలాఖరు దాటితే ఎటూ కాకుండా పోతాను. నువ్వు తిడతావే, తాడూ బొంగరం లేని మనిషని, అదే అవుతాను.

నీ మనవరాలు

తా.క.: లేడు. తాతయ్యా, మీకు కూడా లేడు.

---

బొంగరానికి,

ఇదిగో రాశాను: "మా అమ్మాయిని అవతల పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే, ఈ ఒడ్డున లాంచీ తాడు విప్పాక, ఆ ఒడ్డున కట్టకముందే దాని కడుపున ఈ పిల్ల పుట్టింది. ఒడ్డు చేరేదాకా ఆగలేకపోయింది. ఇప్పటికీ ఆగదు."

సంతకం చేశాను. కానీ ఒక్క మాట. నాకు నీళ్ళంటే ఎంత భయమో నీకు తెలుసు. ఆ తర్వాత మళ్ళీ లాంచీ ఎక్కలేదు. నువ్వు అటువైపు మనిషివైతే నేను ఒడ్డున నిలబడి చెయ్యూపాల్సిందే. అది గుర్తుపెట్టుకుని ఎంచుకో.

మీ అమ్మమ్మ

తా.క. (తాతయ్య): మీ అమ్మమ్మ ఆ రోజు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. నేను తెరిచే ఉంచానుగానీ, నీ మొదటి కేకకే స్పృహ తప్పాను. అందుకే సాక్షి నేను కాదు.

---

అమ్మమ్మకు,

తాతయ్య రాసింది కూడా ఆ గుమాస్తా చదివేశాడు. చాలాసేపు నవ్వి, "ఏడుపు విన్నారు కదా, చాలు" అని ముద్ర కొట్టాడు.

నేను అటువైపే ఎంచుకున్నాను.

కాసిని మంచినీళ్ళు తాగి మిగతాది చదువు. నది మీద తిరిగే లాంచీ వాళ్ళది. నడిపే లైసెన్సు వాళ్ళ పౌరులకే ఇస్తారు. పరీక్ష ఎప్పుడో పాసయ్యాను, లైసెన్సు ఈ కాగితం కోసమే ఆగింది. ముందే చెబితే, నీళ్ళ మీద పనంటే నువ్వు సంతకం పెట్టేదానివా?

సోమవారం నుంచి లాంచీ నేను నడుపుతున్నాను. ఒడ్డున నిలబడి చెయ్యూపుతానన్నావుగా, ఊపు. నేను తాడు విసురుతాను, తాతయ్యను పట్టుకోమను.

తాడు దొరికిన నీ బొంగరం

తా.క.: ఆఖరి ట్రిప్పు ఆగేది మీ ఒడ్డునే. నాకు పక్క వేసి ఉంచు. దేశం మాత్రం మార్చను.