చూరు కింద పసుపు మూట

డిసెంబరు 14, ఆదివారం

పోస్టుమాస్టరు గారు చీటీలు తీశారు. మాకు పసుపు రంగు. రమణ మాస్టారి జట్టుకి ఎరుపు — మళ్ళీ ఎరుపే. మా వీధి సంఘం ఏటా చలికాలంలో పెట్టే నిధి వేటలో నాలుగేళ్ళుగా షీల్డు వాళ్ళింట్లోనే ఉంది. పోయినేడాది ఒక్క క్లూతో ఓడిపోయాను. ఇస్త్రీ బండి కింద వెతకాల్సింది, బడ్డీ కొట్టు కింద వెతికాను. రమణ మాస్టారు అందరి ముందూ — "ల్యాబులో రక్తం సూడ్డం కాదమ్మా ఇది." ఏడాది గడిచింది, ఆ మాట మాత్రం చెవిలోంచి పోలేదు.

ఇరవై రెండేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్ని. ఒక్క ట్యూబు మీద కూడా పేరు తప్పు రాయలేదు. ఈసారి చూస్తాను.

రూల్స్ పాతవే. ప్రతి క్లూ చీటీ జట్టు రంగు గుడ్డలో మూటకట్టి ఉంటుంది. ఎవరి గడపా దాటకూడదు. ఎవరి వస్తువూ ముట్టకూడదు.

డిసెంబరు 17, బుధవారం

పొద్దున్నే నూకమ్మ చేపల గంప దించింది. కానాగంతలు. నా కోసం పెద్దవి ఏరి పక్కన పెట్టి తెస్తుంది.

"మేడంగోరూ, ఓపాలి మా మావకి పోను సెయ్యండి. పందొమ్మిది రోజులైపోనాది మాటాడి."

వాళ్ళాయన అప్పన్న గుజరాత్ బోటు మీద ఉన్నాడు. ఆమె బటన్ ఫోన్లో మాట సరిగా వినపడదని అతనికి నా నంబరు కూడా ఇచ్చి పెట్టింది. నాలుగుసార్లు చేశాను. స్విచ్ ఆఫ్.

"రింగైనా అవ్వలేదేటి?"

అవ్వలేదన్నాను. నడి సముద్రంలో సిగ్నల్ ఎక్కడుంటుందిలే అన్నాను. ఆమె ఇంకా ఏదో చెప్తూనే ఉంది... నా చేతిలో పోయినేటి క్లూల కాగితం. ఊఁ కొట్టాను. ఏం చెప్పిందో రాద్దామంటే గుర్తు లేదు.

నూకమ్మని సంఘంలోకి పిలవలేదు ఈసారి కూడా. సందు చివర బోరింగు పక్కన రేకుల గదిలో మూడేళ్ళుగా ఉంటోంది. "అద్దెకుండే మనిషి కదా" అన్నారు పోస్టుమాస్టరు గారు. నేనూ ఏమీ అనలేదు.

డిసెంబరు 20

రేపే. పోయినేటి క్లూల కాగితం మళ్ళీ తీసి చదివాను. నలభై ఏడేళ్ళ మనిషిని. సిగ్గుండాలి.

డిసెంబరు 21, ఆదివారం

గెలిచాం!

చర్చి నుంచి వచ్చి, నాలుగు మెతుకులు తిని, మూడింటికి మొదలు. మొదటి క్లూ — "ఎర్ర నోరు తెరుచుకుని నిలబడ్డాను, నాకు తిండి పెట్టేవాళ్ళే కరువయ్యారు." తపాలా డబ్బా. క్లూలు రాసేది పోస్టుమాస్టరు గారే కదా, ఆయన దుఃఖం ఆయనది. రెండోది — "నిప్పు తింటాను, ముడతలు మింగుతాను, చక్రాలున్నా ఎక్కడికీ పోను." ఇస్త్రీ బండి! పోయినేడాది నన్ను ముంచినదే. ఈయన వెనక ఆయాసపడుతూ వస్తున్నారు, నేను ఆగలేదు. మూడు, నాలుగు కూడా నావే.

చివరిది — "చెయ్యి పట్టి ఊపితేనే కళ్ళనీళ్ళు పెడతాను. నా పక్క చూరు కింద నీ రంగు చూసుకో."

బోరింగు. ఈయన కాగితం చదవడం పూర్తికాకముందే నేను సందు చివర ఉన్నాను. చూరు కింద పసుపు మూట.

అది మాది కాదు. నూకమ్మది. వాళ్ళ గది చూరు కర్రకి కట్టుకుంది. తెలియక విప్పాను. బియ్యం, పసుపు కొమ్ము, ఒక నాణెం, వల దారం ముక్క ఉన్నాయి లోపల. మళ్ళీ కట్టేశాను. మా మూట అటువైపు మోటారు షెడ్డు చూరు కింద ఉంది, ఐదడుగుల దూరంలో. నూకమ్మ బజారులో ఉంది, ఎవరూ చూడలేదు. తెలియక చేసిందే కదా.

షీల్డు టీవీ పక్కన పెట్టాం. రమణ మాస్టారు చెయ్యి కలిపారు. "ఒప్పుకున్నానమ్మా" అన్నారు. ఎంత ఎదురుచూశానో ఆ మాటకి.

డిసెంబరు 22

ఈయనకి సగం చెప్పాను. "మళ్ళీ కట్టీసినావు కదా. ఇంకేటి?"

అవును. ఇంకేటి.

డిసెంబరు 23, మంగళవారం

నూకమ్మ వచ్చింది. గంప దించలేదు.

"ఆదివారం మా గది కాడికి ఎవులైనా వచ్చినారా మేడంగోరూ?"

నా ముఖంలోకే చూస్తోంది.

"ఏమో నూకమ్మా, ఆ రోజు అందరూ అటూ ఇటూ పరుగులే కదా."

"మీరు సూడలేదేటి?"

"లేదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోంచి. "అలాగా" అని కదిలింది. చేపలు ఇవ్వలేదు. నేనూ అడగలేదు. వాళ్ళాయనకి ఫోన్ చెయ్యమని కూడా అనలేదు... నేను చెయ్యనా అని కూడా అనలేదు.

డిసెంబరు 25

క్రిస్మస్ ఆరాధన. వాక్యం చదవడం నా వంతు. చదివాను. చాలా బాగా చదివావమ్మా అని పాస్టరమ్మ భుజం తట్టింది. తట్టిన చోట మండింది.

నూకమ్మకి కేకు పంపాను. ఈయన పళ్ళెం అలాగే వెనక్కి తెచ్చారు. "ఒంటిపూటే తింటన్నాదట. ఏదో మొక్కట."

డిసెంబరు 27, శనివారం

పోస్టుమాస్టరు గారి భార్య గేటు దగ్గర ఆపి చెప్పింది. నూకమ్మ నిన్న చెప్పుల్లేకుండా వాళ్ళ ఊరు నడిచి వెళ్ళిందట. శ్రీకూర్మం దాటి, సముద్రం ఒడ్డు దాకా. అక్కడి అమ్మోరికి దండం పెట్టుకుని సాయంత్రం బస్సులో వచ్చిందట. "కట్టిన ముడుపు సెడిపోనాదట. మొగుడు ఎక్కడున్నాడో ఏటో, దానికి బెంగ పట్టుకున్నాది."

"పాపం" అన్నాను. నేనే అన్నాను, ఈ నోటితోనే.

డిసెంబరు 28, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. తలనొప్పి అన్నాను.

ఈ పుస్తకం ఎవరూ చూడరు. ఇందులో కూడా అబద్ధం ఎందుకు? 21న "తెలియక" అని రెండుసార్లు రాసుకున్నాను. ఇప్పుడే రెండూ కొట్టేశాను.

17న నూకమ్మ ఏం చెప్పిందో గుర్తు లేదని రాశాను. ఆ పూట నిజంగానే వినలేదు. కానీ మాట చెవిలో పడే ఉంది. "అమ్మోరికి ముడుపు కట్టినాను మేడంగోరూ. మా మావ ఇంటికి సేరినాక ఇప్పి, అమ్మోరి కాడికి అట్టుకెల్తాను."

మూటకి మూడు ముళ్ళు. మొదటిది విప్పగానే గుడ్డ మీంచి వేళ్ళకి బియ్యం తగిలాయి. అప్పుడు వినపడింది ఆ మాట, మొదటి నుంచి చివరి దాకా. బాప్టిస్టు ఇంట్లో పుట్టాను కాబట్టి ముడుపంటే తెలియదని చెప్పుకోనా? శ్రీకాకుళంలో పుట్టిన మనిషికి పసుపు గుడ్డలో ముడుపు తెలియదా? రోజూ చర్మం మీద వేలు పెట్టి నరం వెతికేదాన్ని. బియ్యానికీ కాగితానికీ తేడా తెలియదా?

తెలిసింది. అప్పుడే సందు మొదట్లో రమణ మాస్టారి గొంతు వినపడింది.

పోస్టుమాస్టరు గారు బియ్యంలో చీటీ దాచారేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండో ముడి విప్పాను. మూడోది గట్టిగా ఉంది, పంటితో లాగాను. బియ్యం కింద బురదలో పడ్డాయి. దొరికినన్ని ఏరాను, మిగతావి కోడి తినేసింది. ఆ బురద బియ్యమే మళ్ళీ మూటకట్టి, పైకి తగిలించి, షెడ్డు వైపు పరుగెత్తాను. షీల్డు కోసం. మొదటి ముడి దగ్గర ఆగి ఉంటే ఇవాళ ఇది రాసే పని లేదు.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది 23నాటిది. ఆమె అడిగితే లేదన్నాను.

డిసెంబరు 31

షీల్డు సంచిలో పెట్టుకుని పోస్టుమాస్టరు గారింటికి వెళ్ళాను. "రూలు తప్పానండీ. వెనక్కి తీసుకోండి."

"ఏ రూలమ్మా?"

చెప్తే నూకమ్మ మొక్కు సంగతి వీధంతా పాకుతుంది కదా అని ఒక సాకు. అసలు సంగతి అది కాదు. రమణ మాస్టారి నవ్వు కళ్ళ ముందు కనపడింది.

"గడప దాటాను" అన్నాను చివరికి.

"ఓస్, దానికేటి! అందరూ దాటినారు" అని నవ్వి, బెల్లం టీ ఇచ్చి పంపేశారు. షీల్డు మళ్ళీ టీవీ పక్కకే వచ్చింది. తువ్వాలు కప్పాను.

జనవరి 1

ఆమె గది ముందు నుంచి రెండుసార్లు నడిచాను. రెండుసార్లూ తలుపు తీసే ఉంది.

జనవరి 2, శుక్రవారం

ఇవాళ చెప్పాను. చెప్పానని రాయడం కూడా తప్పేమో.

బోరింగు దగ్గర గంప కడుగుతోంది. నెత్తిమీద చూరుకి ఆ మూట. పాదాలు చూశాను... మడమలు పగిలి, బొటనవేలికి గుడ్డ కట్టుకుని ఉంది. "నూకమ్మా, ఆ ఆదివారం —" అన్నాను.

"తెలుసమ్మా. ఆ దినమే తెలుసు." తలెత్తలేదు. "ఆ పువ్వు ముడి ఈ సందులో ఇంకెవులేస్తారు? సేపల సంచి కడిగి ఇచ్చినప్పుడల్లా మీరు అలగే కడతారు కదా."

షూ లేసు ముడి. మిషన్ హాస్టల్లో ఆరేళ్ళప్పుడు నేర్పారు. అప్పటి నుంచి ఏది కట్టినా నా వేళ్ళు అలాగే కడతాయి. నూకమ్మ వలలు అల్లే ఇంట్లో పుట్టిన మనిషి. ముడి చూస్తే ఎవరిదో చెప్పగలదు.

"మరి ఎవరొచ్చారని నన్ను అడిగావు కదా..."

"మీరు సెప్తారేమోనని అడిగినాను."

ఏడుపొచ్చేసింది. ఆమె ఏడవలేదు, గంప బోర్లించింది. అంత దూరం చెప్పుల్లేకుండా ఎందుకు నడిచావు, నన్ను పిలిచి తిట్టాల్సింది అన్నాను.

"ముడుపు పాడైపోతే ఎవులో ఒకరు నడవాల కదమ్మా. మీరు నడవరు."

కోపంగా అనలేదు. బోరింగులో నీళ్ళు రావట్లేదు అన్నంత మామూలుగా అంది.

ఆ బురద బియ్యం తీసేసి కొత్త ముడుపు కట్టుకోమన్నాను. మంచి బియ్యం నేను తెస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. "అది నాను ముట్టను. ఎవులు కట్టింది ఆలే ఇప్పాల. మా మావ వచ్చినాక మీరే ఇప్పాల. మాతో మీరూ అమ్మోరి కాడికి రావాల."

"నేను చర్చికెళ్ళే మనిషిని నూకమ్మా."

"అమ్మోరికి నాను సెప్పుకుంటాను. మీ దేవుడికి మీరు సెప్పుకోండి."

అప్పన్న రాకపోతే? ఆ మాట నేను అడగలేదు, ఆమె అనలేదు. రాకపోతే ఆ ముడి అక్కడే ఉంటుంది. నా ముడి.

జనవరి 6

ముప్పై తొమ్మిదో రోజు. పొద్దున ఒకసారి చేశాను, ల్యాబులో ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి. స్విచ్ ఆఫ్. రోజులు ఇప్పుడు నేను కూడా లెక్కపెడుతున్నాను.

నూకమ్మ మళ్ళీ చేపలు తెస్తోంది. పెద్దవీ చిన్నవీ కలిపి, అందరికీ వేసినట్టే వేస్తోంది.

జనవరి 8

ట్యూబు మీద పేరు తప్పు రాశాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. పేషెంటు పేరు రాయాల్సిన చోట "అప్పన్న" అని ఉంది, నా దస్తూరీలోనే. టెస్టుకి పెట్టే ముందు చూసుకుని మార్చాను.

చేపల సంచి కడిగి, ముడి వెయ్యకుండా మడతపెట్టి ఇచ్చాను. నూకమ్మ దాన్ని చూసి, నన్ను చూసి, గంపలో వేసుకుంది.

జనవరి 11, ఆదివారం

ఆరాధనలో ఫోన్ సైలెంట్‌లో పెట్టలేదు. ఎన్నడూ లేనిది.

ప్రార్థన మధ్యలో మోగింది. తెలియని నంబరు. తలలన్నీ ఇటు తిరిగాయి, పాస్టరు గారు మాట ఆపారు. నేను ఆడవాళ్ళ మధ్యలోంచి, ఎవరి కాలు తొక్కుతున్నానో కూడా చూడకుండా బయటికి, చెప్పులు విడిచిన మెట్ల దాకా పరుగెత్తాను.

"హలో, అప్పన్నా? అప్పన్నేనా?"

"విశాఖపట్నంలో ప్లాట్లున్నాయి మేడమ్..."

లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఈయన నా చెవిలో — "ఆపీవే ఆ ఫోను, పరువు పోతన్నాది." ఆపలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. ఆశీర్వాదం దాకా ఉండలేక లేచి వచ్చేశాను. ఆటో కూడా ఎక్కలేదు, ఆ రోడ్డంతా ఎలా నడిచానో తెలియదు.

బోరింగు దగ్గర ఆగాను. మూట చూరు కిందే ఉంది, పువ్వు ముడి విడలేదు. నూకమ్మ గుమ్మంలోకి వచ్చి నా చేతిలో ఫోన్ వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. నలభై నాలుగో రోజు.

ఆమె చూపు కిందికి దిగింది.

"సెప్పులేవి మేడంగోరూ?" అంది.