విమల కుడి భుజం

మోరిస్‌విల్,
1983 మార్చి 6

ప్రియమైన విమలకి,

వచ్చి నెల దాటాక రాస్తున్నాను. తిట్టుకో. ఇక్కడ ఎటు చూసినా పైన్ చెట్లే. హాస్పిటల్‌కి ఇరవై నిమిషాలు డ్రైవ్ చేయాలి. గుంటూరు నర్సింగ్ స్కూల్ నుంచి జెర్సీ సిటీ దాకా పన్నెండేళ్లు నీతో ఒకే గదిలో ఉన్నదాన్ని, ఇప్పుడు రేడియో పెట్టుకుని అన్నం తింటున్నాను.

నీ భుజం మళ్లీ జారిందని మన వార్డు శశికళ ఫోన్‌లో చెప్పింది. కోటు తొడుక్కుంటుంటేనే జారిందట కదా! నవంబర్‌లో ఆ ముసలాయన మంచం మీంచి పడిపోతుంటే ఒంటిచేత్తో ఆపావు చూడు, అప్పటినుంచి ఇది నాలుగోసారి. ఎక్స్-రేలో ఏమీ లేదన్నారని ఊరుకోకు. సర్జన్‌కి చూపించు.

చెప్పకుండా వచ్చేశానని కోపమా? వెంటనే చేరమన్నారు, అంతే.

నీ
ప్రేమ


జెర్సీ సిటీ,
1983 జూన్ 19

ప్రేమా,

ఎడమచేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టుంది, ఓపిగ్గా చదువుకో.

మే ఇరవై నాలుగున ఆపరేషన్ అయింది. కీలులోకి మందు ఎక్కించి ఎక్స్-రే తీస్తేగానీ విషయం బయటపడలేదు. ఎముక జారిపోకుండా భుజం గూడు చుట్టూ మెత్తని అంచు ఉంటుంది కదా, అది ముందువైపు చిరిగి ఊడి వచ్చిందట. భుజం కోసి, ఎముకకి కన్నాలు వేసి కుట్టారు. ఆరు వారాలు చెయ్యి ఛాతీకి కట్టేసి ఉంచాలి. మొన్నటినుంచి రోజూ కాసేపు పట్టీ విప్పి, ముందుకి వంగి, చేతిని వేలాడేసి మెల్లగా ఊపమన్నారు. ప్రాణం పోతోంది.

చర్చి నుంచి రూతు ఆంటీ రోజూ వచ్చి జడ వేస్తోంది. మొదటిరోజు ఆమె ముందే ఏడ్చేశాను. నొప్పికి కాదు. ముప్పై మూడేళ్ల దాన్ని, ఒకరిచేత తల దువ్వించుకుంటున్నందుకు.

సూపర్‌వైజర్ రిపోర్టులో ఏం రాసిందో తెలుసా? సాయానికి ఎవరినీ పిలవకుండా ఒంటరిగా పేషెంటుని ఎత్తబోయానని. మళ్లీ వార్డులోకి తీసుకుంటారో లేదో.

విమల


మోరిస్‌విల్,
1983 అక్టోబర్ 30

ప్రియమైన విమలా,

నీ జూన్ ఉత్తరం తర్వాత మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నిన్ను వార్డులోంచి తీసేశారని శశికళ చెప్పింది. ఇక దాచలేను.

"ప్రేమా, ఒక్కసారి రావే!" అని ఆ రోజు నువ్వు పిలిచావు. విన్నాను. డెస్క్ దగ్గర చార్టు రాసుకుంటున్నాను. క్రిస్మస్‌కి నీకు సెలవిచ్చి నాకు డ్యూటీ వేశారని పొద్దున్నే పోట్లాడుకున్నాం కదా. కాసేపు ఆగనీ అనుకున్నాను. ఒక్క నిమిషమే విమలా. అంతలోనే నీ కేక వినపడింది.

"నిన్ను పిలిచిందా?" అని సూపర్‌వైజర్ అడిగితే, లేదన్నాను. ఆ తర్వాత నీ మొహం చూస్తూ ఆ ఇంట్లో ఉండలేకపోయాను.

ఆవిడకి ఇప్పుడు నిజం రాసి పంపుతాను. నా ఉద్యోగం ఏమైనా కానీ. నువ్వు ఊఁ అంటే చాలు.

నీ
ప్రేమజ్యోతి


జెర్సీ సిటీ,
1984 జనవరి 15

ప్రేమా,

నువ్వు విన్నావని నాకు తెలుసు. ఆ ముసలాయన్ని పట్టుకుని ఉండగా తలుపులోంచి నువ్వు కనపడుతూనే ఉన్నావు. రెండోసారి పిలిచినప్పుడు నీ పెన్ను ఆగింది. మళ్లీ రాయడం మొదలుపెట్టావు.

సూపర్‌వైజర్ నీకంటే ముందు నన్నే అడిగింది. ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీద ఉన్నాను. "ఎవరినీ పిలవలేదు" అన్నాను. నీ గ్రీన్‌కార్డు కాగితాలు అప్పటికింకా ఆ హాస్పిటల్ వాళ్ల చేతుల్లో ఉన్నాయి. నిన్ను తీసేస్తే ఏమైపోతావోనని భయపడ్డాను. కార్డు వచ్చిన వారానికే నువ్వు వెళ్లిపోయావు. నొప్పికంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

కాబట్టి ఆవిడకి ఏమీ రాయకు. మొదటి అబద్ధం నాదే.

అంతకుముందు ఉత్తరాల్లో చెయ్యి సంగతి అడిగావు. థెరపీలో గోడమీద వేళ్లు పాకిస్తూ, ఎక్కడిదాకా అందితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టేవాళ్లు. సెప్టెంబర్ నుంచి గీత పైకి జరగలేదు. భుజం జారడం ఆగింది, కానీ చెయ్యి బయటికి తిరగదు. ఇక ఇంతేనన్నాడు డాక్టర్. మనిషిని పట్టుకుని లేపే పని నావల్ల కాదు. క్లినిక్‌లో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. పేషెంట్ల గొంతులు వినపడతాయి, మొహాలు కనపడవు.

క్షమించానని రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. చర్చిలో ప్రభువు ప్రార్థన చెప్పేటప్పుడు క్షమించే మాట దగ్గర నా నోరు ఆగిపోతోంది. పోయిన ఆదివారం రూతు ఆంటీ కనిపెట్టింది.

"ఏమ్మా, మధ్యలో ఆపేశావు?"

"గొంతు పట్టేసింది ఆంటీ."

ఆమెకి అబద్ధం చెప్పాను. నీకు చెప్పలేను. ఇంకా నావల్ల కావడం లేదు ప్రేమా. నేను జవాబు రాయకపోయినా నువ్వు మాత్రం రాస్తూ ఉండు.

విమల