పదిహేడో పేజీలో సున్నా

తిరువూరు,
12-8-2003.

అన్నయ్యకు,

మనం మాట్లాడుకుని ఆరేళ్లయింది. పంతం పట్టే ఓపిక ఇక నాకు లేదు.

మొన్న లైబ్రరీలో ఓ సైన్సు నవల తీసుకుంటుంటే, "పోయిన నెల్లోనే తీసుకెళ్లారు కదండీ, మళ్లీనా?" అన్నారు లైబ్రేరియన్ గారు. ఎవర్నో చూసి నేననుకున్నారులే అని ఊరుకున్నాను.

ఆ కథలో ఒక గ్రహం మీద అందరిదీ ఒకటే ప్రాణం. ఒకరికి దెబ్బ తగిలితే అందరూ ఉలిక్కిపడతారు. ఇలా కూడా ఉంటుందా అనుకుంటూ పేజీ తిప్పాను. పదిహేడో పేజీ మూలన చిన్న పెన్సిల్ సున్నా కనిపించింది. చదివేసిన పుస్తకం మళ్లీ తెచ్చుకోకుండా నాన్న మనిద్దరికీ నేర్పిన గుర్తు అది.

రెడ్డిగూడెం నుంచి ఇంతదూరం వచ్చి, మా వీధి దాకా రాలేకపోయావా?

రేపు పుస్తకం తిరిగిచ్చేస్తాను. నా సున్నా పెట్టలేదు. ఇద్దరికీ అదొక్కటే చాలనిపించింది.

నీ తమ్ముడు